పళ్ళు చూసి కొన్న మిషన్

అమెరికాలో ఉండే తెలుగువాళ్ళం కట్టెలు కొట్టుకుంటామంటే ఊళ్ళో ఎవరూ నమ్మరు. "అక్కడ కూడా కట్టెల పొయ్యేనా?" అని నవ్వుతారు. వంటకు కాదు లెండి, ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి. మేముండే న్యూ హాంప్‌షైర్‌లో నవంబరు నుంచి మార్చి దాకా వెచ్చదనం కూడా బియ్యం, పప్పుల్లాగే నెలవారీ ఖర్చు. మా వైపు చాలా ఇళ్ళకు పైపు గ్యాస్ రాదు. బేస్‌మెంట్‌లో ఒక ట్యాంకు, దాన్నిండా హీటింగ్ ఆయిల్, పక్కనే ఫర్నేసు. ఆయిల్ ధర పెరిగిన ఏడాది ట్యాంకు నింపించుకుంటుంటే గుండె జారుతుంది. పైగా కరెంటు పోతే ఆ ఫర్నేసూ పనిచేయదు. 2008 డిసెంబరులో ఐస్ తుపాను వచ్చి, మా ఒక్క రాష్ట్రంలోనే 4 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. కొన్ని ఊళ్ళకు రెండు వారాల దాకా రాలేదు. అందుకే ఇక్కడ ఇల్లు కొనేవాళ్ళు స్టవ్ ఉందా లేదా అని కూడా చూస్తారు.

స్టవ్ ఉంటే సరిపోదు, అందులో వేయడానికి కట్టె కావాలి. ఇక్కడ కట్టెల కొలత 'కార్డు'. నాలుగడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున పేర్చిన దొంతర, అంటే 128 ఘనపుటడుగులు. బాగా ఎండిన యాష్ కట్టె ఒక కార్డు మంచి స్టవ్‌లో కాలిస్తే సుమారు 120-140 గ్యాలన్ల ఆయిల్ చేసే పని చేస్తుంది. అదే కార్డు పచ్చిగా ఉన్నప్పుడు దగ్గర దగ్గర రెండు టన్నుల బరువు. దాన్ని గొడ్డలితో చీల్చడం పాతికేళ్ళ వయసులో వ్యాయామం. నలభై దాటాక, రోజంతా కంప్యూటరు ముందు కూర్చునే నడుముకు అది శిక్ష. అందుకే ఇక్కడివాళ్ళు 'లాగ్ స్ప్లిటర్' వాడతారు. దుంగను ఒక ఇనుప దూలం మీద పెట్టి లివర్ నొక్కితే, నూనె ఒత్తిడితో నడిచే సిలిండరు దాన్ని గొడ్డలి మొన లాంటి వెడ్జ్‌కేసి నెట్టి రెండుగా చీలుస్తుంది.

మా ఊళ్ళోనే ఉండే ఒక కుర్రాడు ఈ వేసవిలో ఫోన్ చేశాడు. ఖమ్మం వైపువాడు. నన్ను అన్నా అంటాడు, నేను తమ్ముడూ అంటాను. వాళ్ళ పెరట్లో రెండు పెద్ద యాష్ చెట్లు చచ్చిపోతే కొట్టించాడు. ఈ చెట్లకు పట్టిన పీడ కథ పెద్దది. తూర్పు ఆసియా నుంచి వచ్చిన ఒక పచ్చటి పురుగును 2002లో డెట్రాయిట్ దగ్గర మొదటిసారి గుర్తించారు. ఎమరాల్డ్ యాష్ బోరర్ దాని పేరు. దాని పిల్ల పురుగులు బెరడు కింద దారులు తొలిచి చెట్టుకు నీరందకుండా చేస్తాయి. కోట్లాది చెట్లను తినేసింది. మా రాష్ట్రంలో 2013లో కనిపించింది. చెట్లు కొట్టేవాళ్ళు కలప తీసుకెళ్ళాలంటే అదనంగా డబ్బులడుగుతారు కాబట్టి తమ్ముడు దుంగలు పెరట్లోనే వదిలేయమన్నాడు. మూడు, నాలుగు కార్డుల కట్టె ఉంటుంది.

"అన్నా, ఒక సెకండ్ హ్యాండ్ మిషన్ చూసిన. ముప్పై టన్నులని రాసుంది. తొమ్మిది వందలంటున్నడు. నువ్వొకసారి వచ్చి చూడు" అన్నాడు.

ఏడాదికి ఒక కార్డు కట్టె కాల్చుకునే ఇంటికి మిషన్ కొనక్కర్లేదు. రోజుకు అద్దెకు తెచ్చుకుని శనివారం ఒక్కరోజులో పని కానిచ్చి తిరిగిచ్చేయొచ్చు. ఏటా మూడు, నాలుగు కార్డులు చీల్చాల్సినవాళ్ళకైతే కొనుక్కోవడమే గిట్టుబాటు. కొత్తవి మా వైపు పన్నెండు, పదిహేను వందల డాలర్ల నుంచి మొదలవుతాయి. కాబట్టి పాతదాని కోసం చూడటం తెలివైన పనే. ఎటొచ్చీ, పాత మిషన్‌లో ఏది చూడాలన్నదే అసలు ప్రశ్న.

వెళ్ళేటప్పుడు కారులో ఇంకొకరు కూడా ఎక్కారు. తమ్ముడి నాన్నగారు. ఆర్నెల్ల వీసా మీద వచ్చారు. డెబ్బైకి దగ్గర పడిన మనిషి, జీవితమంతా వ్యవసాయం. ఇక్కడికొచ్చాక సోఫాలో కూర్చుని సీరియళ్ళు చూడలేక, పెరట్లో దుంగలకేసి చూస్తూ కాలక్షేపం చేస్తున్నారు. "బాబాయ్, మీకెందుకండీ ఈ ఎండలో" అన్నాను. "ఎద్దును కొనటానికి పోతూ ఇంట్లో పెద్దోణ్ణి వదిలిపెట్టి పోతారా బాబూ?" అన్నారు. ఆ ఒక్క మాటతో ఆయన ముందు సీట్లోకి, తమ్ముడు వెనక సీట్లోకి మారారు.

నేను ముందే తమ్ముడికి చెప్పి అమ్మేవాళ్ళకు మెసేజ్ పెట్టించాను, మేం వచ్చేదాకా ఇంజను స్టార్ట్ చేయొద్దని. చల్లటి ఇంజను ఎలా స్టార్ట్ అవుతుందో చూస్తేనే దాని ఆరోగ్యం తెలుస్తుంది. మొదటి చోట దిగీ దిగగానే సైలెన్సరు దగ్గర చెయ్యి పెట్టి చూశాను. సెగ తగిలింది. అంటే మాకు ముందే ఎవరో ఒకటికి పదిసార్లు తాడు లాగి స్టార్ట్ చేసి ఉంచారు.

మిషన్ మాత్రం పెళ్ళికూతురిలా ఉంది. నిగనిగలాడే ఎర్ర రంగు, పక్కన పెద్ద స్టిక్కర్, '30 టన్నులు'. బాబాయి చుట్టూ ఒకసారి తిరిగొచ్చి నా చెవిలో, "కొమ్ములకు రంగేశారు. పళ్ళు చూడనిస్తారేమో అడుగు" అన్నారు.

ఈ మిషన్‌కు పళ్ళంటే సిలిండరు. టన్నుల లెక్క చాలా సులువు. లోపలి పిస్టన్ వైశాల్యాన్ని నూనె ఒత్తిడితో గుణిస్తే వచ్చేదే బలం. ఇళ్ళలో వాడే మిషన్లలో పంపు, వాల్వు, గొట్టాలు సాధారణంగా చదరపు అంగుళానికి 2500 నుంచి 3000 పౌండ్ల ఒత్తిడి దాకా పనిచేస్తాయి. నాలుగంగుళాల పిస్టన్ వైశాల్యం పన్నెండున్నర చదరపు అంగుళాల పైచిలుకు. 3000తో గుణిస్తే సుమారు 37,700 పౌండ్లు. ఇక్కడ టన్నంటే 2000 పౌండ్లు కాబట్టి 19 టన్నుల లోపే. నాలుగున్నర అంగుళాలదైతే 24 టన్నుల దాకా, అయిదంగుళాలదైతే 29 టన్నుల పైన వస్తుంది.

కొలవడానికి పరికరాలేం అక్కర్లేదు. బాబాయి జేబులోంచి దారం తీసి సిలిండరు చుట్టూ చుట్టారు. పద్నాలుగు అంగుళాల చిల్లర వచ్చింది. 3.14తో భాగిస్తే నాలుగున్నర. అది బయటి కొలత. గోడ మందం అటూ ఇటూ పావు అంగుళం తీసేస్తే లోపల నాలుగంగుళాలు. ఆ సిలిండరుతో 30 టన్నులు రావాలంటే 4,700 దాటిన ఒత్తిడి కావాలి. దానికున్న గొట్టాలు అంత ఒత్తిడి తట్టుకునే రకం కాదు. స్టిక్కర్ వేరే మిషన్‌ది అయ్యుండాలి.

నాలుగంగుళాల సిలిండరు తక్కువదని కాదు, ఇక్కడ పొరపాటు పడొద్దు. యాష్ కట్టె నిలువు పోగులతో తిన్నగా చీలుతుంది. దానికి 16-19 టన్నులు బ్రహ్మాండంగా సరిపోతాయి. టన్నులు పెరిగితే సిలిండరు లావవుతుంది, దాన్ని నింపడానికి ఎక్కువ నూనె కావాలి. నిమిషానికి 11 గ్యాలన్లు తోసే పంపుతో నాలుగంగుళాల సిలిండరు రెండడుగులు ముందుకు రావడానికి 7 సెకన్లు పడితే, అయిదంగుళాలదానికి 11 సెకన్లు పడుతుంది. మెలికలు తిరిగిన ఎల్మ్ లాంటి మొండి కట్టె ఉన్నవాళ్ళకు పెద్దది కావాలి. తమ్ముడి పెరడుకు అక్కర్లేదు. లేని టన్నులకు డబ్బులడుగుతున్నారు, తాజా రంగు కింద వెల్డింగు ఎలా ఉందో కనబడటం లేదు, ఇంజను ముందే వేడిగా ఉంది. నమస్కారం పెట్టి బయటికొచ్చేశాం.

రెండో మిషన్ కట్టెలు చీల్చి అమ్ముకునే ఆయన దగ్గరుంది. రంగూ రుచీ లేదు, ఒళ్ళంతా నూనె మరకలు, రంపపు పొట్టు. కానీ చల్లటి ఇంజను రెండో లాగుడుకే అందుకుంది. సిలిండరు నిజంగానే అయిదంగుళాలది. హైడ్రాలిక్ ట్యాంకు మూత తీసి చూస్తే నూనె తేటగా ఉంది. పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపల నీళ్ళు చేరాయని అర్థం. మాడు వాసన వస్తే నూనె బాగా వేడెక్కిందని అర్థం. ఈ రెండూ లేవు. రాడ్‌ను పూర్తిగా బయటికి రప్పించి చూశాం. దాని మీది క్రోమ్ పూతకు గీతలు, తుప్పు గుంటలు ఉంటే సిలిండరు మొదట్లో ఉండే సీలును కోసేస్తాయి, అక్కణ్ణుంచి నూనె కారుతూనే ఉంటుంది. రాడ్ మీద పలచని నూనె పొర ఉండొచ్చు, చుక్కలు పడకూడదు.

బాబాయికి ఇదంతా తెలిసిన విద్యే. "మన ట్రాక్టరు ట్రక్కును లేపే జాకీనే కదయ్యా ఇది. అక్కడ నిలబడింది, ఇక్కడ పడుకుంది, అంతే" అన్నారు. ఆ చనువుతోనే, నడుస్తున్న మిషన్ గొట్టం దగ్గర తడి కనబడితే వేలు పెట్టబోయారు. నేను చెయ్యి పట్టుకుని లాగేశాను. గొట్టానికి సూదిమొనంత చిల్లు పడినా అందులోంచి వచ్చే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి ముల్లు గుచ్చుకున్నట్టే ఉంటుంది. లోపల కండ పాడైపోయి వేలో చెయ్యో తీసేయాల్సి రావచ్చు. అలా జరిగితే నొప్పి లేదు కదా అని ఆగకుండా వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాలి. లీకు వెతకాలంటే ఒక అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి, చెయ్యి ఎప్పుడూ పెట్టకూడదు. మీ దగ్గర ట్రాక్టరు ఉన్నా, జేసీబీ ఉన్నా ఇదే నియమం.

అసలు సంగతి లివర్ దగ్గర బయటపడింది. ఈ మిషన్లలో దుంగను చీల్చే వైపు లివర్‌ను మనం నొక్కి పట్టుకునే ఉండాలి. వదిలేస్తే దానంతటది మధ్యకొచ్చి మిషన్ ఆగాలి. వెనక్కి వెళ్ళేటప్పుడు మాత్రం పట్టుకోకపోయినా నడిచేలా చేస్తారు, ఎందుకంటే అటు ప్రమాదం తక్కువ. యూరప్‌లో అమ్మే మిషన్లకైతే రెండు చేతులూ లివర్ల మీదుంటేనే చీలేలా ఉంటుంది. ఈ రెండో మిషన్ లివర్‌కు ఒక ఇనప తీగ కొక్కెం కట్టి ఉంది. లివర్ నొక్కి కొక్కెం తగిలిస్తే మిషన్ దానంతటదే చీల్చుకుంటూ పోతుంది. ఈలోగా మనిషి రెండో దుంగ తెచ్చుకోవచ్చు. "ఇలా అయితే రోజుకు ఎక్కువ పని అవుతుంది" అని ఆయన గొప్పగా చెప్పాడు.

"తీగ తీసేస్తే అయిపాయె కదన్నా" అన్నాడు తమ్ముడు. నిజమే. తీసి చూశాం. లివర్ మధ్యకు రాలేదు, ఎక్కడ వదిలితే అక్కడే ఉంది. లోపలి స్ప్రింగు ఎప్పుడో పోయింది. అదీ బాగు చేయించుకోవచ్చు, వాల్వే మొత్తం కొత్తది వేయించుకోవచ్చు. కానీ దూలం చివర, బలమంతా పడే పలకకు పాత వెల్డింగు పగిలితే దాని మీద మళ్ళీ వెల్డింగు పెట్టిన గుర్తుంది. పాతిక టన్నుల బలం కింద అది ఊడితే ఎటు ఎగురుతుందో చెప్పలేం.

తమ్ముడికి మనసొప్పలేదు. ఇంజను బాగుంది, ధర బాగుంది. ఆ మొహం చూసి నేను ఒక్కటే అడిగాను. "ఇంతకీ ఈ మిషన్ ఎవరు నడుపుతారు?"

"నేనే, శని, ఆదివారాలు."

"సోమవారం నుంచి శుక్రవారం దాకా నువ్వు ఆఫీసులో ఉన్నప్పుడో?"

వాడు నాన్న వైపు చూశాడు. బాబాయి ఆకాశం వైపు చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. పెరట్లో మిషన్ పెట్టుకుని, ఊరికే కూర్చోలేని రైతును ఇంట్లో పెట్టుకుని, వాళ్ళిద్దరూ కలవకుండా ఉంటారనుకోవడం అత్యాశ. పాత మిషన్ కొనేటప్పుడు మన అవసరం, మన బడ్జెట్టు చూసుకుంటాం. ఇంట్లో దాన్ని ముట్టుకునే చేతులు ఎవరెవరివో లెక్కేసుకోం. ఆ రోజు తమ్ముడు లెక్కేసుకున్నాడు. ఇంకో మాట లేకుండా కారెక్కాడు.

మూడోది ఒక పెద్దావిడ ఇంటి షెడ్డులో ఉంది. ఆమె భర్త పోయి రెండేళ్ళయిందట, అప్పట్నుంచీ ఎవరూ తాకలేదు. స్టిక్కర్ ఎండకు వెలిసి తెల్లబడింది, ఎన్ని టన్నులో చదవడానికి లేదు. పైన కవరు తీస్తే రాడ్ పూర్తిగా లోపలికి పెట్టి ఉంది. అది తెలిసినవాడు చేసే పని. రాడ్ బయటుంటే తుప్పు పడుతుంది, లోపలుంటే నూనెలో భద్రంగా ఉంటుంది. ప్లాస్టిక్ సంచిలో మాన్యువల్, దాని అట్ట లోపల నూనె మార్చిన తేదీలన్నీ పెన్సిల్‌తో రాసున్నాయి.

ఇంజను మాత్రం స్టార్ట్ కాలేదు. ఇక్కడే చాలామంది వెనక్కి తిరుగుతారు. నిజానికి స్ప్లిటర్‌లో ఇంజను మార్చుకోగలిగిన భాగం. కొత్త చిన్న ఇంజను రెండు మూడొందల డాలర్లకు దొరుకుతుంది. దూలం వంగినా, సిలిండరు పాడైనా అంత తేలిగ్గా తేలదు. పైగా ఇక్కడి పెట్రోలులో ఇథనాల్ కలుపుతారు. నెలల తరబడి నిలవుంటే అది పాడై కార్బురేటర్‌లో జిగురు కడుతుంది. నిలవున్న మిషన్లకు తొంభై పాళ్ళు ఇదే రోగం అంటారు మెకానిక్కులు. అయితే ఇంజను తిరగకుండా నూనె వ్యవస్థను పరీక్షించలేం, పరీక్షించకుండా కొనకూడదు. అందుకని తాజా పెట్రోలు డబ్బా, కార్బురేటర్ క్లీనరు వెంట తీసుకెళ్ళాను. పాత పెట్రోలు వంచేసి, అడుగునున్న గిన్నె విప్పి కడిగి, కొత్తది పోశాం. పదో లాగుడుకో పన్నెండో లాగుడుకో దగ్గి, తెల్లగా పొగ వదిలి, గాడిలో పడింది.

పరీక్షకు దుంగలు కూడా మావే. అమ్మేవాళ్ళు ఎప్పుడూ తిన్నటి దుంగే పెడతారు. మేం ఒక మామూలు యాష్ దుంగ, ఒక కొమ్మ కణుపున్న మొండి దుంగ డిక్కీలో వేసుకెళ్ళాం. మామూలుది చిటుక్కున చీలింది. కణుపు దగ్గర వెడ్జ్ వేగం తగ్గింది, ఇంజను మూలిగింది, మళ్ళీ మెల్లగా కదిలి చీల్చేసింది. అలా వేగం తగ్గడం లోపం కాదు. పంపులో రెండు గేర్ల లాంటి ఏర్పాటుంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కువ నూనె తోసి వేగం ఇస్తుంది, అడ్డు తగిలితే తక్కువ నూనెను ఎక్కువ ఒత్తిడితో తోస్తుంది. అదే దుంగను అడ్డంగా, పోగులకు ఎదురుగా పెట్టి నొక్కితే వెడ్జ్ ఆగిపోయింది. రిలీఫ్ వాల్వు తెరుచుకుని సన్నగా కీచుమంది, ఇంజను మాత్రం ఆగలేదు. అలాగే ఉండాలి.

చివరికి బాబాయి లివర్ పట్టుకున్నారు. సగం దాకా నొక్కి వదిలేశారు. టక్కున ఆగింది. మళ్ళీ నొక్కి వదిలారు. ఆగింది. అయిదారు సార్లు చేసి చూశారు.

ఆవిడ ఏడు వందలు చెప్పింది. తమ్ముడు ఆరొందలని మొదలుపెట్టబోయాడు. కూరగాయల దగ్గర కూడా బేరమాడే బాబాయి వాడి మోచెయ్యి పట్టుకున్నారు. "ఇంత బాగా సాకిన పశువు దగ్గర బేరమాడకూడదురా. ఇచ్చెయ్" అన్నారు. ఇచ్చేశాడు.

ఇంటికి తెచ్చుకోవడం కూడా ఒక పనే. ఈ మిషన్లకు చక్రాలుంటాయి గానీ కారుకున్నట్టు స్ప్రింగులుండవు, గంటకు 45 మైళ్ళు దాటొద్దని చాలావాటి మాన్యువల్‌లోనే రాసుంటుంది. రోడ్డు మీద లాక్కెళ్ళడానికి రిజిస్ట్రేషన్ నియమాలు రాష్ట్రానికో రకంగా ఉంటాయి, ముందే కనుక్కోండి. మేం హైవే ఎక్కకుండా ఊళ్ళ మీదుగా వచ్చాం. దారిలో రెండుసార్లు ఆగి చక్రాల మధ్య చెయ్యి ఆనించి చూశాను. కాలుతుంటే బేరింగు పోయినట్టే. కాల్లేదు. ఇంకొకటి, కట్టెలను మాత్రం ఊరి నుంచి ఊరికి మోసుకెళ్ళకండి. ఆ పచ్చ పురుగు ఊళ్ళు దాటింది ముఖ్యంగా వంటచెరకు మూటల్లోనే.

ఇప్పుడు తమ్ముడి ఇంట్లో మూడు నియమాలు షెడ్డు తలుపు మీద తెలుగులో అంటించి ఉన్నాయి. మొదటిది, దుంగ పెట్టిన మనిషే లివర్ నొక్కాలి. ఒకరు పెడుతూ ఇంకొకరు నొక్కితే ఈ మిషన్ల మీద వేళ్ళు పోవచ్చు. మా వీధిలో ఒక తండ్రీ కొడుకులు అలాగే ఒక మధ్యాహ్నం చూపుడు వేలు పోగొట్టుకున్నారు. పోయింది తండ్రి వేలు, నొక్కింది కొడుకు. ఆ కొడుకు మొహం నాకింకా గుర్తే. రెండోది, ఇంజను తిరుగుతుండగా పిల్లలు గడప దాటకూడదు. మూడోది బాబాయి కోసమే రాశారు. లుంగీతో మిషన్ దగ్గరికి రాకూడదు. ప్యాంటు, బూట్లు, కళ్ళద్దాలు ఉండాలి, చేతికి బిగుతైన గ్లౌజులు.

ఆయన పొద్దున్నే టీ తాగి గంటసేపు చీలుస్తున్నారు. పేళ్ళు గోడకు తగలకుండా, గాలి ఆడేలా, పైన మాత్రమే కప్పి పేరుస్తున్నారు. నిలువునా చచ్చిన చెట్టు కాబట్టి ఈ యాష్ ఏడాదిలోపే ఎండుతుంది. ఓక్ అయితే రెండేళ్ళు ఆగాలి. తేమ 20 శాతం లోపుకు దిగితేనే స్టవ్‌లో వేయాలి, లేకపోతే వేడికి బదులు పొగ, చిమ్నీలో మసి. అంటే ఇప్పుడు చీల్చేదంతా వచ్చే చలికాలానికి. అప్పటికి ఆయన ఖమ్మంలో ఉంటారు. "నేను లేకపోయినా మనవరాలికి వెచ్చగా ఉంటది కదయ్యా" అంటారు.

పాత స్ప్లిటర్ కొనబోయే పాఠకులు ఇంకేం చూసినా చూడకపోయినా, అమ్మే మనిషి ఎదురుగా ఒక్క పని చేయండి. మిషన్ నడుస్తుండగా లివర్ సగం దాకా నొక్కి వదిలేయండి. వెంటనే ఆగితే దారం తీసి సిలిండరు కొలవండి, బేరం మొదలుపెట్టండి. ఆగకపోతే, ఊరికే ఇచ్చినా వద్దని వచ్చేయండి.